రెండు సీసాలు అడగండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా అమ్మకు 59 ఏళ్లు. నాలుగేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ వస్తే ఆపరేషన్, కీమో, కరెంటు అన్నీ అయ్యాయి. హార్మోన్ రకం అన్నారు, ఇప్పటికీ లెట్రోజోల్ మాత్ర రోజూ వేసుకుంటోంది. పన్నెండేళ్లుగా షుగరు. ఊడ్పుల రోజుల్లో కూలీలతో పాటు తనూ చేలో దిగుతుంది, వద్దన్నా వినదు. మే నెలలో తీసిన సీటీలో ఏమీ లేదు. సెప్టెంబరులో జ్వరం, దగ్గు మొదలయ్యాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు లీవోఫ్లాక్సాసిన్ ఐదు రోజులిస్తే తగ్గి, పది రోజులకు తిరగబెట్టింది. నాలుగు కిలోలు తగ్గింది. మళ్లీ సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఏడు గడ్డలు, పెద్దది మూడు సెంటీమీటర్లు, దాని మధ్యలో డొల్ల ఉందన్నారు. పెట్ స్కాన్‌లో అన్నీ వెలిగాయి. ఎస్‌యూవీ 8.4, క్యాన్సర్ పాకినట్టుంది అని రాశారు. వచ్చే వారం కీమో అంటున్నారు. మా మేనమామ మాత్రం ఇది టీబీయే, ఆరు నెలల కోర్సు వాడి చూడండి అంటున్నాడు. ముక్క తీయిద్దామంటే, కదిలిస్తే పాకుతుందని అన్నయ్య ఒప్పుకోవడం లేదు. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఏం చేయమంటారు?
— ఒక కూతురు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండోసారి చదువుతున్నప్పుడు మే నెల సీటీ దగ్గర ఆగిపోయాను. అప్పుడు ఏమీ లేదు, ఇప్పుడు మూడు సెంటీమీటర్ల గడ్డ. కాగితం తీసుకుని లెక్క వేశాను, మీరూ వేసుకోవచ్చు. సీటీలో మూడు మిల్లీమీటర్ల చుక్క ఉన్నా ఒక్కోసారి కంటికి దొరకదు. సరే, మే నెలలో అంతది ఉందనే అనుకుందాం. మూడు మిల్లీమీటర్లు ముప్పై అయ్యిందంటే అడ్డకొలత పదింతలు, అంటే పరిమాణం వెయ్యింతలు. వెయ్యింతలు కావాలంటే గడ్డ పదిసార్లు రెట్టింపు కావాలి. నాలుగు నెలల పైచిలుకులో పదిసార్లంటే పదమూడు రోజులకు ఒకసారి. రొమ్ము నుంచి పాకిన గడ్డలు సాధారణంగా ఇంత పరుగు తీయవు. ఇరవై రోజుల లోపే రెట్టింపు అవుతోందంటే మేం ముందు ఇన్ఫెక్షన్ కోసమే వెతుకుతాం. అలాగని ఇది తీర్పు కాదు. కొన్ని రకాల క్యాన్సర్లు అంత వేగంగానూ పెరుగుతాయి. కానీ ఈ లెక్కకు జ్వరం తోడైంది, గడ్డ మధ్యలో డొల్ల తోడైంది, షుగరు తోడైంది. స్కాన్ కళ్లారా చూడకుండా నేను చెప్పగలిగింది ఇంతే: ముక్క తీసి చూడకుండా కీమో వద్దు, టీబీ కోర్సూ వద్దు. మీ ఇంట్లో రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేయబోతున్నాయి.

మీ డాక్టరు గారి అనుమానం ఊరికే వచ్చింది కాదు, అదీ చెప్పాలి. ఒంట్లోని రక్తమంతా గుండె కుడి భాగం నుంచి ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. అక్కడి సన్నటి నాళాలు జల్లెడ లాంటివి. రొమ్ము నుంచి, కిడ్నీ నుంచి, థైరాయిడ్ నుంచి, ఎముకల నుంచి విడివడిన క్యాన్సర్ కణాలకు దారిలో ముందు తగిలేది ఆ జల్లెడే. పెద్దపేగు సంగతి వేరు, అక్కడి రక్తం ముందు కాలేయానికి పోతుంది. ఊపిరితిత్తులు చేరిన ప్రతి కణమూ అక్కడ మొలకెత్తదు. 1889లో స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లీషు సర్జన్, రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పోగేసి, విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా కలిసిరావాలి అన్నాడు. రైతు ఇంటి పిల్లకు నేను వివరించేదేముంది. మీ అమ్మగారిది హార్మోన్ రకం క్యాన్సర్. అది అయిదేళ్లు, పదేళ్లు గడిచాక కూడా తిరిగి రాగలదు. గుండ్రంగా, అంచులు నున్నగా, రకరకాల సైజుల్లో, ఊపిరితిత్తుల కింది వైపు, బయటి అంచుల దగ్గర గడ్డలుంటే, పాత క్యాన్సర్ ఉన్న మనిషిలో ఎవరైనా ముందు ఆ మాటే అంటారు. చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా.

మరి పెట్ స్కాన్ వెలిగింది కదా అంటారు. ఆ స్కాన్‌కు క్యాన్సర్ అంటే ఏమిటో తెలియదు. ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర ఎక్కించి, గంట సేపు పడుకోబెట్టి, ఆ చక్కెరను ఎక్కడి కణాలు ఎక్కువ తింటున్నాయో చూస్తారు. క్యాన్సర్ కణాలకు చక్కెర ఆకలి ఎక్కువని ఒటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. ఆ ఆకలి క్యాన్సర్‌కు ఒక్కదానికే పరిమితం కాదు. సూక్ష్మక్రిమితో పోరాడే తెల్లకణాలూ చక్కెరను గుటకలేస్తాయి. టీబీ గడ్డ వెలుగుతుంది, ఫంగస్ గడ్డ వెలుగుతుంది, చీముగడ్డ సరేసరి. ఆ చక్కెరను గడ్డ ఎంత పీల్చిందో చెప్పే అంకె ఎస్‌యూవీ. అది 2.5 దాటితే క్యాన్సరే అనే మాట రోగుల బంధువుల్లో పాతుకుపోయింది. పది దాటిన టీబీ గడ్డలను నేను చాలా చూశాను. టీబీ తక్కువగా ఉండే దేశాల్లో పెట్ మాటకు కాస్త బరువు ఉండొచ్చు. ప్రపంచం మొత్తం టీబీ రోగుల్లో సుమారు పావువంతు మన దేశంలోనే ఉన్నారు, ఇక్కడ ఆ వెలుగును చూసి పేరు పెట్టేయడం దుస్సాహసం. మీ 8.4 అనే అంకె వల్ల తేలేది ఒక్కటే: గడ్డలు చురుగ్గా ఉన్నాయి.

మీ మేనమామ గారి మాటకు వస్తాను. టీబీ కాదని నేను అనడం లేదు. కానీ ‘కోర్సు వాడి చూద్దాం’ అనే పద్ధతి వల్ల ఊపిరితిత్తి క్యాన్సర్ ఉన్నవాళ్లు నెలల తరబడి టీబీ మందులు మింగి, ఆయాసంతో నా గదికి వచ్చిన సందర్భాలు లెక్కలేనన్ని. టీబీని అనుమానిస్తే పట్టుకునే దారులున్నాయి. పొద్దున్నే వచ్చే కళ్లె పట్టి, టీబీ క్రిమి జీన్‌ను వెతికే సీబీనాట్‌కో ట్రూనాట్‌కో పంపించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో చెబుతాయి. మామూలు సూక్ష్మదర్శినిలో కనబడాలంటే మిల్లీలీటరు కళ్లెలో అయిదు వేల నుంచి పదివేల క్రిములుండాలి. ఈ పరీక్షలకు అంతకంటే చాలా తక్కువ చాలు. అయినా గడ్డ లోపల మూసుకుపోయి ఉంటే కళ్లెలోకి ఏమీ రాదు, అప్పుడు రిపోర్టులో లేదని వచ్చినా నమ్మకూడదు. చేతికి సూది వేసి చూసే మాంటూ పరీక్షతో కాలయాపన చేయకండి, మన దేశంలో ఎప్పుడో టీబీ సోకి నిద్రపోతున్నవాళ్లు కోట్లలో ఉన్నారు, వాళ్లలో చాలామందికి అది పొంగుతుంది. రక్తంలో టీబీ యాంటీబాడీల పరీక్ష చేస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి, 2012లోనే కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

లీవోఫ్లాక్సాసిన్ సంగతి మీ డాక్టరుకు తప్పక చెప్పండి. అది నెమ్ముకు వాడే మందే, అయితే టీబీ క్రిమినీ కొంత అణుస్తుంది. నాలుగు రోజులు జ్వరం తగ్గినట్టుంటుంది, పరీక్షలో క్రిమి దొరకదు, తర్వాత మళ్లీ లేస్తుంది. మీ అమ్మగారికి జరిగింది అదే కావచ్చు.

ఇక మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టిన వాక్యం చేలో దిగుతుందన్నది. షుగరు, వానాకాలం, ఊడ్పు చేను. ఈ మూడూ కలిస్తే నాకు ఒక పేరు గుర్తొస్తుంది, కాగితం మీద రాసుకోండి: మెలియాయిడోసిస్. మట్టిలో, నిలిచిన నీళ్లలో ఉండే బర్కోల్డేరియా సూడోమాలై అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. కాలి పగుళ్లలోంచో, ఊపిరితోనో లోపలికి పోతుంది. 1911లో రంగూన్‌లో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే డాక్టరు, ఆయన సహాయకుడు కృష్ణస్వామి దీన్ని మొదట గుర్తించారు. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో ఇది కల్చర్‌లో, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షలో, పెరిగినా, ‘సూడోమోనాస్ జాతి’ అనో, బయటి నుంచి కలిసిన చెత్త క్రిమి అనో రాసి పక్కన పడేస్తారు. ల్యాబువాళ్లకు ఒక ఆనవాలుంది: జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగకుండా, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగే క్రిమి కనబడితే దీన్ని అనుమానించాలి. ఇది ఊపిరితిత్తుల్లో డొల్ల గడ్డలు చేస్తుంది, నెలల తరబడి లాగి టీబీలా నటిస్తుంది, టీబీ మందులకు తగ్గదు. ఉన్నట్టుండి రక్తంలోకి పాకితే రోజుల్లో ప్రాణం తీస్తుంది. దొరికితే మాత్రం మందుంది: రెండు వారాలకు తక్కువ కాకుండా సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ సెలైన్‌లో, ఆ తర్వాత కనీసం మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు.

ఫంగస్ కూడా జాబితాలో ఉంది. షుగరు అదుపులో లేనివాళ్లలో ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్, పావురాల రెట్టల నుంచి వచ్చే క్రిప్టోకాకస్. వీటిలో ఒకదాని మందు ఇంకొకదానికి పనికిరాకపోవచ్చు, ఆస్పర్‌జిల్లస్‌కు బ్రహ్మాండంగా పనిచేసే వోరికొనజోల్‌ను మ్యూకర్ లెక్కచేయదు. మీది రాయలసీమ అయ్యి ఇంట్లో గొర్రెలూ కుక్కలూ ఉండుంటే నీటిబుగ్గ లాంటి హైడాటిడ్ గడ్డల గురించి వేరేగా హెచ్చరించేవాణ్ణి, వాటిలో తెలియక సూది గుచ్చితే ప్రమాదం. మీకు ఆ గొడవ లేదు.

నోకార్డియా అనే ఇంకో క్రిమి గురించి మాత్రం నా కథే చెబుతాను. పాతికేళ్ల క్రితం, కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, స్టెరాయిడ్లు వాడుతున్న ఒక రైతుకు ఊపిరితిత్తిలో గడ్డలుంటే సూదితో ముక్క తీశాను. తీసిందంతా ఒకే సీసాలో, ఫార్మలిన్‌లో వేసి పంపాను. ‘క్యాన్సర్ కణాలు లేవు, చీము కణాలున్నాయి’ అని రిపోర్టు వచ్చింది. సంతోషించాం. ఏ క్రిమి అని వెతుకుదామంటే ముక్క లేదు, ఫార్మలిన్ అన్నింటినీ చంపేసింది. మళ్లీ సూది అంటే ఆయన భయపడి ఇంటికెళ్లిపోయాడు. ఆరు వారాల తర్వాత మూర్ఛలతో తీసుకొచ్చారు, మెదడులో గడ్డ. ఈసారి చూసినవాళ్లంతా ఊపిరితిత్తి క్యాన్సర్ తలకెక్కింది అన్నారు. ఆ గడ్డలోంచి తీసిన చీములో పెరిగింది నోకార్డియా, మట్టిలో ఉండే మరో బ్యాక్టీరియా. ఊపిరితిత్తిలో మొదలై మెదడుకు ఎక్కడం దానికి అలవాటు, అచ్చం క్యాన్సర్ నడిచే దారిలోనే నడుస్తుంది. మనిషి బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం సగమే పనిచేసేది. ముక్క తీసింది నేనే, ఒక్క సీసాతో పంపిందీ నేనే.

అందుకే మీకు చెబుతున్నాను, ముక్క తీసే రోజు రెండు సీసాలు అడగండి. ఒక దాంట్లో ఫార్మలిన్, అది క్యాన్సర్ ఉందో లేదో చూసే పాథాలజీకి. రెండో దాంట్లో ఫార్మలిన్ చుక్క కూడా ఉండకూడదు, ఉత్త సెలైన్, అది క్రిములు చూసే మైక్రోబయాలజీకి. ఆ రెండోదాని మీద ఏమేం చూడాలో డాక్టరు చేత రాయించండి: టీబీ జీన్ పరీక్ష, టీబీ కల్చర్, ఫంగస్ కల్చర్, మామూలు బ్యాక్టీరియా కల్చర్. నోకార్డియా, మెలియాయిడోసిస్ అనుమానం ఉందని ఒక ముక్క రాస్తే ల్యాబువాళ్లు ప్లేట్లను రెండు రోజులకే పారేయకుండా ఉంచుతారు. నోకార్డియా పెరగడానికి రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు, టీబీ కల్చర్‌కు ఆరు వారాల దాకా చూస్తారు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. హడావుడిలో ఉన్న స్కానింగ్ గదిలో రెండో సీసా మర్చిపోవడం ఇప్పటికీ జరిగేదే.

ఏ గడ్డలో, ఎక్కడ గుచ్చాలన్నది రేడియాలజిస్టు చూసుకుంటారు. డొల్ల ఉన్న గడ్డ అయితే గోడ నుంచి తీయాలి, నడిమి నుంచి తీస్తే చచ్చిన కండ తప్ప ఏమీ రాదు. గడ్డ గాలిగొట్టాలకు దగ్గరగా ఉంటే బ్రాంకోస్కోపీ చేసి, అక్కడ సెలైన్‌తో కడిగిన నీటిని కూడా పరీక్షకు పంపుతారు. కళ్లె రాని రోగికి ఆ నీళ్లే ఆధారం.

మీ అన్నయ్య భయం మన ఊళ్లలో ప్రతి ఇంట్లో ఉన్నదే. సూది దారిలో క్యాన్సర్ పాకడం ఊపిరితిత్తుల్లో వెయ్యిమందిలో ఒకరికి కూడా జరగదు. ముక్క తీసిన కొన్నాళ్లకు జబ్బు ముదిరితే జనం సూదిని తిడతారు, జబ్బు ముదురుతున్నందుకే సూది వేశారన్నది మర్చిపోతారు. అసలైన ప్రమాదం వేరే ఉంది, ఆయనకు అదే చెప్పండి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు. వందలో పదిహేను నుంచి పాతిక మంది దాకా ఎంతో కొంత చేరుతుంది, ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది, కొద్దిమందికి ఒకటి రెండు రోజులు గొట్టం వేయాల్సి వస్తుంది. కళ్లెలో కాస్త రక్తం పడొచ్చు. అందుకే కొన్ని గంటలు అక్కడే ఉంచి ఎక్స్‌రే తీసి పంపుతారు.

ముక్కలో క్యాన్సరే తేలితే? అప్పుడు కూడా ఆ ముక్క వృథా కాదు. అది రొమ్ము నుంచి వచ్చిందా, ఊపిరితిత్తిలోనే కొత్తగా పుట్టిందా అన్నది టీటీఎఫ్-1, గాటా-3 లాంటి రంగు పరీక్షలు చెబుతాయి. హార్మోన్ గ్రాహకాలు, హెర్-2 అనే ప్రొటీన్ మళ్లీ చూడాలి, నాలుగేళ్ల క్రితం ఉన్నట్టే ఇప్పుడూ ఉండాలని లేదు. హార్మోన్ రకమే కొనసాగుతుంటే చాలామందికి ఇప్పుడు మొదట ఇచ్చేది కీమో కాదు, హార్మోన్ మందుతో పాటు పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ లాంటి మాత్రలు. క్యాన్సర్ అని తేలినా సరే, వచ్చే వారం కీమో అన్నది మారిపోవచ్చు. ఇన్ఫెక్షన్ అయ్యుండి కీమో ఎక్కిస్తే మాత్రం, పోరాడే తెల్లకణాలు పడిపోయి, ఉన్న క్రిమికి ఒళ్లంతా అప్పగించినట్టవుతుంది.

‘క్యాన్సర్ కణాలు లేవు’ అని వస్తే అప్పుడే గుడికి వెళ్లకండి. ఆ వాక్యానికి అర్థం ఈ ముక్కలో కనబడలేదని. దాని పక్కన క్రిమి పేరో, టీబీ తరహా గ్రాన్యులోమా (తెల్లకణాలు గుంపుకట్టిన ముద్ద) అనో ఇంకేదైనా గట్టి కారణం ఉంటే వైద్యం మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ సీటీ తీసి గడ్డలన్నీ తగ్గుతున్నాయా అని చూడాలి. అన్నీ తగ్గి ఒకటి మొండికేస్తే దాన్ని మళ్లీ గుచ్చాలి, రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండడం నేను చూడని విషయం కాదు. ఏ కారణమూ రాయకుండా ఉత్తి ‘వాపు కణాలు’ అని వస్తే అది సమాధానమే కాదు, రెండోసారి తీయాల్సిందే.

ముక్క తీసి మొదటి రిపోర్టులు రావడానికి పది రోజులు పడుతుందనుకోండి, ఆ పది రోజుల ఆలస్యం వల్ల కీమోకు వచ్చే నష్టం దాదాపు లేదు. జ్వరం మాత్రం ఆగదు. రేపే దగ్గర్లో బోధనాసుపత్రికి తీసుకెళ్లి, ఇంకో యాంటీబయాటిక్ వేయకముందే రక్తం కల్చర్‌కు ఇప్పించండి. వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా, చలితో వణికినా ఆ పూటే ఆసుపత్రిలో చేర్చాలి, ముక్క సంగతి తర్వాత. ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తామంటే ఎందుకని అడగండి. దాంతో ఆకలి పుడుతుంది, జ్వరం దిగుతుంది, లోపల క్రిమి ఏపుగా పెరుగుతుంది.

బాబు విషయం. క్యాన్సర్ అంటదు. టీబీ అంటుకునేది దగ్గు తుంపరల ద్వారా గాలిలో, కంచం, గ్లాసు, దుప్పటి ద్వారా కాదు. కళ్లె పరీక్ష తేలేదాకా అమ్మమ్మ మాస్కు వేసుకుని, కిటికీలు తీసిన గదిలో పడుకుంటే చాలు, బాబును పక్కలో పడుకోబెట్టకండి. ఆవిడ కంచం విడిగా పెట్టి మనసు విరచొద్దు. టీబీ అని తేలితే బాబునూ పరీక్షించి ముందుజాగ్రత్త మందు ఇస్తారు, మీ అమ్మగారి వివరాలు ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో నమోదైతే చికిత్స నడిచినన్నాళ్లూ నెలకు 1000 రూపాయలు పోషకాహారం కోసం బ్యాంకు ఖాతాలో పడతాయి.

అమ్మకు ఏం చెప్పాలని అడిగారు. ఒకసారి కీమో చేయించుకున్న మనిషి, పెట్ స్కాన్ గదిలోకి తీసుకెళ్లగానే ఆవిడకు సగం అర్థమైపోయి ఉంటుంది. మీ ముగ్గురూ గుసగుసలాడుతుంటే మిగతా సగం ఊహించుకుంటోంది, ఆ ఊహ నిజం కంటే భయంకరంగా ఉంటుంది. ‘ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయమ్మా, ఏమిటో ఇంకా తెలియదు, ముక్క తీసి చూస్తామంటున్నారు’ అనండి. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, నాకూ ఇంతకంటే ఎక్కువ తెలియదు. పాత జబ్బా అని అడిగితే, కావచ్చు, కాకపోవచ్చు అనండి. ముక్క తీయడానికి సంతకం పెట్టాల్సింది కూడా ఆవిడే.

వెళ్లేటప్పుడు మే నెల సీటీ సీడీ, కొత్త సీటీ సీడీ రెండూ పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. పాత ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఉంటే అడిగి తీసుకోండి, కొత్త ముక్కతో పోల్చడానికి పనికొస్తుంది. ఆవిడ వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచేవి అందులో ఉంటే సూది వేసే ముందు కొన్ని రోజులు ఆపాల్సి రావొచ్చు, ఎన్ని రోజులో డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి.